ఓడ అడుగున రాగిరేకు: లోహక్షయ పరిశోధన తొలినాళ్లు

వానకాలములో పెరటిలో మరచిన కొడవలి నాలుగు దినములలో ఎఱ్ఱబారును. నీళ్లతొట్టికి బిగించిన ఇనుపగొట్టము కొన్ని యేండ్లకు చిల్లులు పడును. సముద్రపుటొడ్డున ఉన్న ఊళ్లలో కిటికీ ఊచలు, తలుపు గొళ్లెములు లోపలి ఊళ్లలోకంటె త్వరగా పొరలు పొరలుగా రాలిపోవును. దీనిని తుప్పు అందురు. రాగి, ఇత్తడి పాత్రలపై పట్టు పచ్చని చిలుము కూడ ఇటువంటిదే. గాలి, నీరు, ఉప్పు మొదలగు వానివలన లోహము క్రమముగా చెడి తన లోహగుణమును పోగొట్టుకొనుటకు శాస్త్రమున లోహక్షయమని పేరు.

మనుష్యుడు ఇనుమును వాడ నేర్చిననాటినుండియు తుప్పును ఎరుగును. దానిని గీకుచు, నూనె రాయుచు, రంగు పూయుచు వేలకొలది సంవత్సరములు గడిపెను. కాని అది ఎట్లు కలుగుచున్నదను ప్రశ్నకు సరియైన సమాధానము స్థిరపడి సుమారు నూరేండ్లు మాత్రమే అయినది. తుప్పు పట్టుట ఒక విద్యుత్ వ్యవహారము. తుప్పు పట్టుచున్న ప్రతి మేకులోను కంటికి కనబడని చిన్న విద్యుద్ఘటములు పనిచేయుచుండును. ఇదియే ఆ సమాధానము. దీనికి మొదటి ఆధారము కొలిమిలో గాని, రసాయనశాలలో గాని దొరకలేదు. ఒక కొయ్య ఓడ అడుగున దొరకినది.

కాగితము కాపాడిన మేకులు

పదునెనిమిదవ శతాబ్దమున సముద్రయానము చేయు ఓడలు కొయ్యతో కట్టబడుచుండెను. ఉష్ణదేశపు సముద్రములలో తిరుగు కొయ్య ఓడకు శత్రువులు రెండు. మొదటిది టెరిడో అను ఓడపురుగు. ఇది నీటిలోని చెక్కలోనికి తొలుచుకొని పోయి, పైకి బాగుగా కనబడు పలకను లోపల జల్లెడ చేయును. రెండవది ఓడ అడుగున అంటుకొని పెరుగు నాచు, గుల్లలు. ఇవి పెరిగిన ఓడకు వేగము తగ్గును. యుద్ధసమయమున వేగము తగ్గిన ఓడ శత్రువును తరుమలేదు, శత్రువునుండి తప్పించుకొనలేదు. అందులోనివారి ప్రాణములకే ముప్పు.

ఈ రెండింటిని నివారించుటకై బ్రిటిషు నావికాశాఖ 1761లో అలారం అను యుద్ధనౌక అడుగుభాగమునకు పలుచని రాగిరేకులు తాపించి, వెస్టిండీసు సముద్రములకు పంపెను. 1763లో ఆ ఓడ పరీక్ష నివేదిక నావికాశాఖకు చేరినది. రాగి తన పని చక్కగా చేసియుండెను. రేకు ఉన్నచోట పురుగు తొలువలేదు. నాచు, గుల్లలు అంతగా అంటలేదు. అయితే రేకులు చాలచోట్ల ఊడిపోయియుండెను. కారణమేమని చూడగా, వానిని బిగించిన ఇనుపమేకులు చెడి మెత్తని తుప్పుముద్దగా మారియుండెను.

ఇంకను జాగ్రత్తగా చూచినవారికి ఒక వింత కనబడినది. అన్ని మేకులును చెడలేదు; కొన్ని చాలవరకు గట్టిగానే ఉండెను. అట్టి మేకుల తలక్రింద గోధుమరంగు కాగితపు ముక్క చిక్కుకొనియుండెను. రాగిరేకులు రేవునకు కాగితములో చుట్టబడి వచ్చినవి. పనివారు ఆ కాగితమును తీయకయే రేకులకు మేకులు కొట్టియుండిరి. కాగితము అడ్డుపడి మేకు రాగిని తాకనిచోట మేకు మిగిలినది, తాకినచోట నశించినది.

సముద్రజలములో ఇనుమును రాగితో తాకనీయరాదని ఆ నివేదిక తేల్చెను. ఆ మాట నేటికిని సత్యమే. అయితే తాకినచో ఏల చెడునో చెప్పగలవారు ఆనాడు లేరు. 1780 తరువాతి సంవత్సరములలో నావికాశాఖ ఓడ అడుగున ఇనుపమేకులకు బదులు రాగి కలిసిన మిశ్రలోహపు మేకులను వాడ నారంభించెను. చికిత్స దొరకినది గాని, రోగమేమో తెలియలేదు.

కప్పకాలు, వోల్టా దొంతర

ఇంతలో రసాయనశాస్త్రము వేరొక దారిన నడచుచుండెను. ఫ్రాన్సులో లవోయిజే లోహములను గాలిలో వేడిచేసి, అవి గాలిలోని ఆమ్లజనితో కలియుననియు, అందుచేతనే వాని బరువు హెచ్చుననియు నిరూపించెను. తుప్పుకూడ ఇనుము ఆమ్లజనితో కలియుటవలన పుట్టినదని దీనివలన ఊహింపవచ్చును. కాని ఇది సగము సమాధానమే. పొడిగాలిలో ఆమ్లజని ఎంత ఉన్నను మేకు మామూలు వేడిమివద్ద తుప్పు పట్టదు. నీరేల కావలయును? ఉప్పునీరు ఏల త్వరపెట్టును? రాగి ప్రక్కనున్న ఇనుము ఏల ముందుగా పోవును?

1788లో ఆస్టిన్ అను ఆంగ్లేయుడు ఒక చిన్నసంగతి గమనించెను. ఆమ్లము గాని, క్షారము గాని కాని తటస్థమైన నీరు ఇనుముపై పనిచేయునపుడు క్రమముగా క్షారగుణము పొందుచుండెను. ఆనాడు దీనికి ఎవ్వరును ఎక్కువ విలువ ఈయలేదు. కాని పాఠకులు ఈ క్షారమును గుర్తుంచుకొనవలెను. ఈ కథలో అది మరి రెండుసార్లు కనబడును.

1791లో ఇటలీ దేశములోని బొలోన్యా నగరమునుండి గాల్వనీ తన ప్రయోగములను ప్రకటించెను. చచ్చిన కప్పకాలి నరమునకు, కండరమునకు రెండు వేర్వేరు లోహములను తాకించి, ఆ లోహముల రెండవ కొనలను ఒకదానితో నొకటి కలిపినంతనే కాలు ఎగిరిపడుచుండెను. విద్యుత్తు జంతుశరీరమునందే ఉన్నదని గాల్వనీ తలంచెను. అతని దేశీయుడే యైన వోల్టా దీని కంగీకరింపలేదు. కప్పకాలు విద్యుత్తును చూపు సాధనము మాత్రమేయనియు, రెండు భిన్నలోహములు కలియుటయే విద్యుత్తునకు కారణమనియు వాదించెను. 1800లో అతడు వెండి, జింకు బిళ్లలను జతలుజతలుగా పేర్చి, జతలనడుమ ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలుంచి, ఎడతెగక ప్రవహించు విద్యుత్తును పుట్టించెను. ప్రపంచమున మొదటి విద్యుద్ఘటమాల ఇదియే. (జింకును మనవారు యశదమనియు, తుత్తునాగమనియు పిలుతురు.)

వోల్టా దొంతరలో నున్నవేవి? రెండు వేర్వేరు లోహములు, వానినడుమ ఉప్పునీరు. అలారం అడుగున నున్నవేవి? రాగి, ఇనుము, సముద్రజలము. ఆ యుద్ధనౌక వోల్టాకంటె దాదాపు నలుబది సంవత్సరములు ముందే పెద్ద విద్యుద్ఘటమును మోసికొని సముద్రములు దాటినది. నేటి మాటలలో చెప్పవలెనన్న, ఇనుప పరమాణువులు ఎలెక్ట్రానులను విడిచి, అయానులై నీటిలో కరగును. విడువబడిన ఎలెక్ట్రానులు ఇనుమును తాకియున్న రాగిలోనికి పోయి, రాగి ఉపరితలమున నీటిలోని ఆమ్లజనికి అందును. అచ్చట క్షారము పుట్టును. సముద్రజలము అయానుల రాకపోకలకు దారియిచ్చి వలయమును పూర్తిచేయును. మేకు తలక్రింది కాగితము ఎలెక్ట్రానుల దారిని తెంచినది. అందుచేత ఆ మేకు బ్రతికినది.

లోహక్షయము విద్యుద్రసాయన వ్యాపారమను భావము 1819లో ఒక ఫ్రెంచి వ్యాసమున స్పష్టముగా కనబడును. దానిపై రచయిత పేరు లేదు. అది తెనార్ అను రసాయనవేత్త వ్రాసినదని పలువురి అభిప్రాయము. ఈ భావమును వ్యాసమునుండి ఓడపైకి ఎక్కించినవాడు హంఫ్రీ డేవీ.

డేవీ ఉపాయము

డేవీ 1778లో ఇంగ్లండులోని పెంజాన్సు పట్టణమున జన్మించెను. 1807లో కరగిన క్షారములగుండ విద్యుత్తును పంపి పొటాసియము, సోడియము అను రెండు కొత్త లోహములను వేరుపరచెను. 1815లో బొగ్గుగనులలోని పనివారికొరకు రక్షణదీపమును తయారుచేసెను. 1820లో రాయల్ సొసైటీకి అధ్యక్షుడయ్యెను. విద్యుత్తునకు, రసాయనచర్యకు గల సంబంధమును అతనికంటె బాగుగ నెరిగినవారు ఆనాడు అరుదు.

అప్పటికి బ్రిటిషు యుద్ధనౌకల కన్నిటికి రాగి తొడుగు పరిపాటియైనది. కొత్త చిక్కు ఏమనగా, ఇప్పుడు రాగియే కరగిపోవుచుండెను. కొన్ని ఓడల రేకులు కొలదికాలములోనే పలుచబడి చిరిగిపోవుచుండెను. రేకులు మార్చుటకు ఖర్చు విస్తారము. నావికాశాఖవారు రాయల్ సొసైటీ సలహా నడిగిరి. డేవీ ఆ పనిని తానే చేపట్టెను. అతని సహాయకుడు మైకేల్ ఫారడే.

రాగిలో మాలిన్యములుండుటచేతనే అది త్వరగా చెడుచున్నదని ఆనాటి నమ్మకము. డేవీ రెండు రాగి మచ్చులను సముద్రజలములో ఉంచి చూడగా, మిక్కిలి పరిశుద్ధముగా నున్న రాగియే ముందుగా చెడినది. అనగా తప్పు రాగి అమ్మినవారిది కాదు. నీటిలో కరగియున్న గాలి ఈ చర్యకు అవసరమనియు అతడు గుర్తించెను. పిమ్మట అతని ఆలోచన ఇట్లు సాగెను: రాగి సముద్రజలముతో చర్య జరుపునది దాని విద్యుత్ స్థితినిబట్టి. ఆ స్థితిని కొంచెము ఋణవైపునకు మార్చగలిగినచో చర్య ఆగిపోవలెను. మార్చుటెట్లు? రాగికంటె సులభముగా కరగు లోహమును దానికి తాకించిన చాలును. ఆ లోహము కరగును, రాగి నిలుచును.

అలారం మేకుల కథయే ఇది. కాని డేవీ దానిని తలక్రిందులు చేసి చూచెను. నావికాశాఖవారికి రాగివలన ఇనుము చెడుట కనబడినది. ఇనుమువలన రాగి బ్రతుకుట డేవీకి కనబడినది. ఒకే సంగతికి రెండు ముఖములు.

1824 జనవరిలో అతడు తన ఫలితములను రాయల్ సొసైటీలో చదివెను. బఠాణీగింజంత జింకుముక్క గాని, చిన్న ఇనుపమేకు మొన గాని 40, 50 చదరపు అంగుళముల రాగిని కాపాడుటకు చాలునని తేలెను. అంతటితో ఆగక, రాగిరేకులకు వేర్వేరు ప్రమాణములలో జింకును, ఇనుమును జతచేసి, వానిని పోర్ట్స్‌మత్ రేవులో ఆటుపోటుల ప్రవాహమున కొన్ని వారములుంచి, ముందువెనుకల తూకము వేసెను. రక్షకలోహపు వైశాల్యము రాగి వైశాల్యములో 40వ వంతునుండి 150వ వంతు వరకు ఉన్నపుడు రాగి ఏమాత్రమును తరుగలేదు. 200వ వంతునుండి 400వ వంతు వరకు తగ్గించినపుడు రాగి కొంత తరిగినది. 1000వ వంతు పోత ఇనుము కూడ కొంతమేరకు కాపాడినది. లోహక్షయమును మాటలతో గాక తూకముతో, నిష్పత్తులతో పరిశీలించిన తొలి పరిశోధనలలో ఇది ముఖ్యమైనది. నేడు శాస్త్రజ్ఞులు కాథోడిక రక్షణమని పిలుచునది ఈ విధముగా పుట్టినది.

గెలిచి ఓడిన ప్రయోగము

పెద్ద పరీక్షకు సమరాంగ్ అను యుద్ధనౌకను ఎన్నుకొనిరి. ఈ ఓడ మన దేశమునందలి కొచ్చినులో నిర్మింపబడి 1822లో నీట దిగినది. దాని అడుగున నాలుగు ఇనుపదిమ్మెలు బిగించిరి. వాని వైశాల్యము రాగి వైశాల్యములో సుమారు 80వ వంతు. ఓడ అట్లాంటిక్ సముద్రము దాటి, నోవా స్కోషియాకు పోయి, 1825 జనవరిలో తిరిగివచ్చెను. రాగి చక్కగా నిలిచినది.

కాని ఓడ అడుగు నాచుతోను, గుల్లలతోను నిండిపోయినదని పత్రికలు వ్రాసినవి. డేవీ పోర్ట్స్‌మత్‌కు పోయి స్వయముగా చూచి, ఆ వార్త అబద్ధమని, వెనుకభాగపు దిమ్మెల చుట్టు మాత్రమే కొలదిగా జీవులు అంటినవని వాదించెను. సమరాంగ్ విషయమున అతని మాట నిజమే కావచ్చును. అయితే దిమ్మెలు బిగించిన ఇతర నౌకలు ఒకటొకటిగా రేవు చేరగా, సంగతి దాచరానిదయ్యెను. ముఖ్యముగా రేవులలో చాలకాలము కదలక నిలిచిన ఓడల రాగిరేకులపై నాచు, గుల్లలు దట్టముగా పెరిగియుండెను. 1825 నుండి నావికాశాఖ దిమ్మెలను తొలగింప నాజ్ఞలిచ్చెను. ఖర్చు తగ్గించునని ఆశించిన ఉపాయము ఓడల వేగమునే తగ్గించెను. బహిరంగముగా వచ్చిన ఈ పరాజయము డేవీని మిక్కిలి బాధించెను. 1829లో అతడు జెనీవాలో మరణించెను.

ఇందు తప్పెచ్చట? డేవీ లెక్కలో కాదు, రాగి కరగలేదు. రాగి ఏల నాచును దూరముగా ఉంచుచున్నదో ఎవ్వరును ముందుగా ప్రశ్నింపకపోవుటలో ఉన్నది. రాగి కొంచెము కొంచెముగా కరగుచున్నపుడు, దాని లవణములు నీటిలోని చిన్నజీవులకు విషమగును. అందుచేత అవి ఓడను అంటవు. రాగి కరగుట పూర్తిగా ఆగినచో విషమును ఆగిపోవును. ఇంకొకటి కలదు. కాపాడబడిన రాగి ఉపరితలమున క్షారము పుట్టునని పైన చెప్పబడినది. ఆస్టిన్ ఇనుము విషయమున చూచిన క్షారమే ఇది. దానివలన సముద్రజలమునందలి సున్నపు, మెగ్నీసియపు లవణములు రాగిపై తెల్లని పొరగా పేరుకొనును. ఆ పొర గుల్లలు నిలిచి పెరుగుటకు మంచి నేలయైనది. ఈ తెల్లని పొరను డేవీయే తన ప్రయోగములలో గుర్తించియుండెను. నావికాశాఖ నష్టమని ఏడ్చిన రాగియే ఓడను శుభ్రముగా ఉంచుచున్న రాగి. ఆ నష్టమును మాన్పగానే లాభమును పోయినది.

ఇనుమునకు దొరకిన తోడు

డేవీ ఉపాయమును రాగినుండి తీసి ఇనుమునకు పెట్టినపుడు దాని నిజమైన ఉపయోగము బయటపడినది. ఇనుము కరగుటవలన లాభము లేదు, నష్టమే కలదు. డేవీ మరణించిన సంవత్సరముననే అతని దాయాది ఎడ్మండ్ డేవీ ఐర్లండులో, సముద్రమున తేలు గుర్తుబుడ్ల ఇనుపభాగములకు జింకుదిమ్మెలు తగిలించి తుప్పునుండి కాపాడెను. ఐర్లండు దేశీయుడే యైన ఇంజనీరు రాబర్ట్ మాలెట్ 1838 నుండి కొన్ని సంవత్సరములపాటు వివిధ రకముల ఇనుమును సముద్రజలములోను, నదీజలములోను ఉంచి, తరుగుదలను కొలిచి, బ్రిటిషు శాస్త్రాభివృద్ధి సంఘమునకు నివేదికలు సమర్పించెను. ఇనుపఓడలు, ఇనుపవంతెనలు వచ్చుచున్న కాలమున ఇంజనీర్లకు ఈ అంకెలు మిక్కిలి అవసరమయ్యెను.

1837లో ఫ్రాన్సున సొరెల్ అను ఇంజనీరు ఇనుమును కరగిన జింకులో ముంచి పూత వేయు పద్ధతికి పేటెంటు పొందెను. గాల్వనీ పేరుమీదుగా దానికి గాల్వనైజింగు అను పేరు వచ్చినది. నేడు ఊరూర కనబడు జింకురేకుల కప్పులకు, బొక్కెనలకు, ముళ్లతీగెకు మూలము ఇదియే. జింకుపూత గాలిని అడ్డగించు తెరమాత్రమే కాదు. పూత ఒకచోట గీచుకొని పోయి ఇనుము బయటపడినను, చుట్టునున్న జింకు తాను కరగుచు ఆ ఇనుమును కాపాడును. తగరపుపూత అట్లు కాదు. అది గీచుకొని పోయినచోట ఇనుమే ముందుగా కరగును. అందుచేతనే నొక్కులుపడిన పాత డబ్బా గీతవెంబడి వేగముగా తుప్పు పట్టును.

రెండవ లోహము లేనిచోట

ఇచ్చట పెద్ద ప్రశ్న మిగిలినది. ఇనుము రాగిని తాకినపుడు విద్యుద్ఘటము ఏర్పడునని ఒప్పుకొందము. కాని పెరటిలోని కొడవలికి రాగి ఎక్కడిది? ఒంటరిగా పడియున్న ఇనుపముక్క ఏల తుప్పు పట్టును?

1830లో జెనీవా శాస్త్రజ్ఞుడు ద లా రీవ్ కొంత సమాధానము చెప్పెను. పరిశుద్ధమైన జింకు గంధకికామ్లములో మెల్లగా కరగును. మాలిన్యములున్న జింకు వేగముగా కరగును. మాలిన్యపు రేణువొక్కొక్కటి చుట్టునున్న జింకుతో చేరి చిన్న విద్యుద్ఘటమగుచున్నదని అతడు వివరించెను. అనగా రెండు లోహపుముక్కలు అక్కరలేదు; ఒకే ముక్కలో రెండు విధముల చోట్లు ఉండిన చాలును. కొలదికాలమునకు ఫారడే విద్యుత్తు ఇంత ప్రవహించినచో లోహము ఇంత కరగునని నియమము లేర్పరచెను. కరగిన లోహమును ఇక విద్యుత్తుతో సరిచూడవచ్చును.

అయినను ఈ దారి మధ్యలో చాలకాలము మూతపడినది. పందొమ్మిదవ శతాబ్దపు చివరిభాగమున పలువురు రసాయనవేత్తలు తుప్పునకు బొగ్గుపులుసు వాయువే కారణమని నమ్మిరి. 1871లో మాంచెస్టరుకు చెందిన క్రేస్ కాల్వర్ట్ చేసిన ప్రయోగములు ఈ మతమునకు బలమిచ్చినవి. గాలిలోని ఆ వాయువు నీటిలో కరగి బలహీనమైన ఆమ్లమగునని, ఆ ఆమ్లము ఇనుమును తినునని వారి వాదము. 1903లో అమెరికా శాస్త్రజ్ఞుడు విట్నీ ఇనుము తుప్పు పట్టుట విద్యుద్రసాయన చర్యయని తిరిగి గట్టిగా చెప్పెను. 1905లో ఇంగ్లండున డన్‌స్టన్, జోవెట్, గోల్డింగ్ అనువారు బొగ్గుపులుసు వాయువును పూర్తిగా తొలగించినను ఇనుము, నీరు, ఆమ్లజని ఉన్నచో తుప్పు కలుగునని చూపిరి. వాయువు నిజముగా పూర్తిగా పోయినదా అని మరికొందరు ఆక్షేపించిరి. 1907లో వాకరును, అతని సహచరులును ఈ విద్యుత్ వ్యవహారములో ఆమ్లజని పాత్రను స్పష్టపరచిరి.

ఉప్పునీటి బొట్టు చెప్పిన సాక్ష్యము

ఈ వివాదమును ముగించుటలో మొదట చెప్పదగినవాడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందలి యూలిక్ ఎవాన్స్ (1889–1980). 1920 తరువాతి సంవత్సరములలో అతడు చేసిన ప్రయోగములు బడిలో చేయదగినంత సులభమైనవి. 1926 నాటి ఒక ప్రయోగమును ఉపాధ్యాయులు తమ తరగతిలో చూపవచ్చును.

గరుకుకాగితముతో బాగుగ రుద్ది శుభ్రపరచిన ఇనుపరేకును బల్లపరుపుగా ఉంచవలెను. ఉప్పునీటిలో కొంచెము పొటాసియం ఫెర్రిసయనైడును, కొన్ని చుక్కల ఫినాఫ్తలీనును కలిపి, ఒక పెద్దబొట్టును రేకుపై ఉంచవలెను. (ఫెర్రిసయనైడును గాఢమైన ఆమ్లములతో కలుపరాదు, వేడిచేయరాదు; ప్రయోగము ముగిసినపిదప చేతులు కడుగుకొనవలెను.) ఇనుము కరగుచోట నీలిరంగు వచ్చును. క్షారము పుట్టుచోట గులాబిరంగు వచ్చును. మొదట బొట్టుక్రింద రెండు రంగులును అక్కడక్కడ చుక్కలుగా కనబడును. కొంతసేపటికి నీలము బొట్టు నడుమకును, గులాబి అంచునకును చేరును. ఆ రెంటి నడుమ గోధుమరంగు తుప్పు వలయముగా ఏర్పడును.

దీని అర్థమేమి? బొట్టు అంచున నీరు పలుచగా నుండును. గాలిలోని ఆమ్లజని అచ్చటికి సులభముగా చేరును. బొట్టు నడుమ నీరు లోతుగా నుండును. అచ్చటి ఆమ్లజని వాడబడిన తరువాత కొత్తది త్వరగా రాదు. ఈ భేదమే ఒకే ఇనుపరేకును రెండు లోహములవలె చేసినది. ఆమ్లజని ఎక్కువగానున్న అంచు అలారం ఓడలోని రాగివలె ప్రవర్తించును. ఆమ్లజని తక్కువగానున్న నడుమ మేకువలె కరగును. అంచున కనబడు గులాబిరంగు క్షారము ఆస్టిన్ 1788లో చూచినదే, డేవీ రాగిపై సున్నపుపొరను పేర్చినదే.

తుప్పునకు ఆమ్లజని కావలయును. కాని లోహము తినివేయబడునది ఆమ్లజని తక్కువగానున్న చోటనే! ఈ విపరీతమును గ్రహించినచో అనేక నిత్యానుభవములు అర్థమగును. రంగుపొర లేచినచోట దానిక్రింద తుప్పు పాకిపోవును. బోల్టు తలక్రింద, తడిసిన మట్టిపెళ్ల క్రింద, నీళ్లలో నిలిచిన స్తంభమున నీటిమట్టమునకు కొంచెము దిగువన ఇనుము ముందుగా చెడును. అన్నియు ఆమ్లజని అందని చోట్లు.

1932లో ఎవాన్సు, హోర్ అనువారు ఉప్పునీటిలో తుప్పు పట్టుచున్న ఉక్కురేకులలో ఒకచోటినుండి మరియొక చోటికి ప్రవహించు విద్యుత్తును కొలిచిరి. ఫారడే నియమము ప్రకారము ఆ విద్యుత్తు ఎంత ఇనుమును కరగింపవలెనో లెక్కించి, నిజముగా కరగిన ఇనుముతో సరిచూచిరి. రెండును సరిపోయినవి. తుప్పు విద్యుత్ వ్యవహారమనునది ఊహయను దశను దాటి లెక్కకు నిలిచినది. నివేదికలో కాగితము చుట్టిన మేకు కనబడిన 1763 నుండి లెక్కించిన, దీనికి 169 సంవత్సరములు పట్టినది.

డేవీ ఉపాయము నేడు

1928లో అమెరికాలోని న్యూ ఆర్లియన్సు నగరమువద్ద కూన్ అను ఇంజనీరు భూమిలో పాతిన వాయువు గొట్టములకు బయటినుండి విద్యుత్తును పంపి తుప్పును ఆపెను. కరగు లోహమునకు బదులు విద్యుత్ యంత్రము డేవీ జింకు పనిచేసినది. నేడు పెట్రోలు, వాయువు మోయు గొట్టపుదారులను ఈ విధముగా కాపాడుచున్నారు. మన దేశములో విద్యుద్రసాయన పరిశోధనకై తమిళనాడులోని కారైకుడిలో 1948లో శంకుస్థాపన జరిగి, 1953లో ప్రారంభమైన కేంద్ర సంస్థ లోహక్షయమునుగూర్చి విస్తారముగా కృషి చేయుచున్నది.

విశాఖపట్టణము రేవునకు వచ్చు ఉక్కుఓడను మరమ్మతుకై ఒడ్డున నిలిపినపుడు దాని అడుగున వరుసగా బిగించిన జింకు లేక అల్యూమినియపు దిమ్మెలు కనబడును. కరగిపోయిన పాతదిమ్మెలను తీసి కొత్తవి వేయుదురు. అవి కరగుటకే ఉన్నవి. ఆ ఓడ అడుగుననే నాచు, గుల్లలు అంటకుండుటకు రాగి సమ్మేళనములు కలిసిన రంగును పూయుట కలదు. డేవీ ఓడపై కలిసి మనలేకపోయిన రెండు పనులును నేటి ఓడపై కలిసి జరుగుచున్నవి: ఉక్కు కరగరాదు, రంగులోని రాగి మెల్లగా కరగుచుండవలెను.

ఇది ఎట్లు సాధ్యమైనది? రాగిరంగు ఉక్కును తాకకుండ ఆ రెంటినడుమ విద్యుత్తును పోనీయని వేరొక రంగుపొరను ముందుగా వేయుదురు. 1763లో కొన్ని మేకుల తలలక్రింద గోధుమరంగు కాగితము చేసిన పనినే ఆ పొర చేయుచున్నది.